ఎల్లమ్మ చీర

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు, కాలేజీలు మూతపడ్డాయి. జనగామలో చదివే మా అన్న రేకు పెట్టెతో దేవరుప్పుల పక్కనున్న మా ఊరికి వచ్చేశాడు. పెట్టెలో పాఠ్యపుస్తకాలు రెండే. మిగతావన్నీ అపరాధ పరిశోధన నవలలు. పాడుబడ్డ గుడి, మాయమైన విగ్రహం, శాసనంలో దాచిన గుట్టు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. నెలరోజుల్లో అన్నీ నమిలేశాను. చదువు రాని మా అవ్వకు, అంటే నాయిన తల్లికి, వినిపిస్తే రెండో అధ్యాయంలోనే దొంగెవరో చెప్పేసేది. నాకు ఒళ్లు మండేది.

ఊరి బయట మెట్ట చెలకలో ఎల్లమ్మ తల్లి విగ్రహం ఉండేది. పసుపు పూతల కింద ముఖం ఉబ్బిపోయి, మెడ నుంచి కింది దాకా చీరే కనబడేది. బోనాల ముందు రోజు పాత చీర విప్పి, కడిగి, కొత్తది కట్టడం మా ఇంటి కోడళ్ల పని. చుట్టూ తెర కట్టుకుని చేసేవాళ్లు. మగవాళ్లు చూడకూడదు. ఇంటి ఆడపిల్లలూ చూడకూడదు, రేపు ఇంకో ఊరికి పోయేవాళ్లం కాబట్టి.

అన్నకు ఒక అనుమానం. ఆ కూర్చున్న తీరు ఎల్లమ్మది కాదు, జైన విగ్రహాలదేమోనని. పక్క ఊళ్లో అట్లాంటి విగ్రహమే బయటపడితే హైదరాబాద్ నుంచి జీపు వచ్చి మ్యూజియానికి పట్టుకుపోయింది. ఆ ఏడు అమ్మ జ్వరంతో దవాఖానలో పడింది. అవ్వకు చేతుల నొప్పులు, చీర ముడి వేయడానికి కూడా వేళ్లు వంగవు. వేరే దారి లేక నన్ను తోడు రమ్మంది. అన్న నన్ను గోడ చాటుకు పిలిచి, సరిగ్గా చూసి రమ్మన్నాడు. జైన విగ్రహమైతే హైదరాబాద్‌కు ఉత్తరం రాస్తానన్నాడు. నా పరిశోధన మొదలైందని సంబరపడ్డాను.

తెర లోపల చీర విప్పి, నీళ్లు పోసి, పీచుతో రుద్దాను. పసుపు పెళ్లలు ఊడాయి. పద్మాసనం. ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టిన చేతులు. భుజాలను తాకే చెవులు. ఒంటి మీద నూలుపోగు లేదు. మగమనిషి.

"అవ్వా, ఈమె ఎల్లమ్మ కాదు," అన్నాను.

అవ్వ గంపలోంచి కొత్త చీర తీస్తూ, "నాకెరుకే," అంది. "నేను కోడలిగ వచ్చిన ఏడే మా అత్త చూపిచ్చింది. ఆమెకు వాళ్లత్త."

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మరి చీర ఎందుకని కోపంగానే అడిగాను.

"ఎవరో తెల్వదు బిడ్డ. బట్టల్లేకుంట కూసున్నడు. పనికిరాని రాయని పలగొడ్తరేమోనని ఎన్నడో ఏ కోడలో చీర కట్టింది. ఎల్లమ్మ అన్నంక ఎవ్వలూ చెయ్యి వెయ్యలే. నేను నలభై ఏండ్ల సంది కడుతున్న. జీపుల తీస్కపోతే ఇగ ఎవ్వలికి కట్టాలె?"

జీపు సంగతి అవ్వకు తెలుసు. అన్న నన్ను ఏం చూసి రమ్మన్నాడో కూడా తెలుసు. నాకు సిగ్గేసింది. ఆమె చెప్తుంటే నేను చీర ముడులు వేశాను.

ఇంటికొచ్చేసరికి అన్న వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నింట్లో ఆఖరి అధ్యాయంలో గుట్టు విప్పి మెప్పు పొందుతారు. నాకూ నోటిదాకా వచ్చింది.

"ఉత్త బండనే అన్నా. మొఖం ఒక్కటే చెక్కిన్రు," అన్నాను.

అన్న నమ్మాడు. నాలుగు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

అన్న పెళ్లయ్యేనాటికి అవ్వ లేదు. తర్వాతి బోనాలకు నేను పుట్టింటికి వచ్చి, తెర బయట అన్న పక్కన నిలబడ్డాను. అమ్మతో లోపలికి పోయిన కొత్త వదిన తడి చేతులతో బయటికి వచ్చింది. లోపల ఏముందని అన్న నవ్వుతూ అడిగాడు.

వదిన కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఏముంటది, ఎల్లమ్మ," అంది.

అవ్వ గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది.