ముట్టుకోకు మాస్టారు

మా పోలీసు శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ నేరాల దర్యాప్తు నేర్పిన ఇన్‌స్పెక్టరు గారికి ఒకటే పిచ్చి. ఏ వస్తువునూ ఎవరినీ ముట్టుకోనివ్వరు. ముట్టుకోక తప్పదంటే ముందు ఫోటో తీయాలి. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మాకు ఆయన ముట్టుకోకు మాస్టారు.

క్లాసు వెనక ఒక ఉత్తుత్తి నేరస్థలం ఉండేది. ఒక మంచం, ఒక బల్ల, వెలుగుతున్న కంప్యూటరు. మొదటిరోజు మాలో లావుపాటి ఎస్సై దర్జాగా లోపలికెళ్లి, దాన్ని ఆపేసి సెల్యూట్ కొట్టాడు.

“ఎందుకాపావయ్యా?”

“కరెంటు వృథా అని, సార్.”

“ఆహా! నేరస్థుడు నీ ఫోటో గోడకు తగిలించుకుంటాడు. తెరమీదున్నదంతా గాల్లో కలిపేశావు కదయ్యా!”

ఇంట్లోనూ అదే తంతు. గుమ్మంలో విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కోవాలన్నా ఫోటో కావాల్సిందే. ఓసారి మమ్మల్ని భోజనానికి పిలిచి, కూరలు చల్లారిపోతుంటే గిన్నెలకు ఫోటోలు తీస్తూ కూర్చున్నారు.

“నయం, నాకు జ్వరమొస్తే నుదురు ముట్టుకుని చూస్తారు,” అన్నారు ఆయన భార్య. “అదీ ఫోటో తీశాకే.”

శిక్షణ చివరి ఆదివారం మమ్మల్ని జీపెక్కించి ఒక ఇరుకు వీధికి తీసుకెళ్లారు. తలుపు తీసిన ముసలామెకు, వీధంతా చూస్తుండగా, నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.

సంగతి ఆమే చెప్పింది. కాలేజీలో చదివే కొడుకుకు ఎవడో అతని మొహం అతికించిన దొంగ ఫోటోలు పంపి బెదిరించాడు. పిల్లాడు భయపడి ప్రాణం తీసుకున్నాడు. ఆ బెదిరింపులు కంప్యూటరు తెరమీద వెలుగుతుంటే ఆమె కళ్లారా చూసింది.

“ఈయనొచ్చి దాన్ని ఆపేశాడు నాయనా. అప్పట్లో ఈయనకు మాత్రం చెప్పినవాళ్లెవరు?”

మళ్లీ తెరిస్తే అందులో ఏమీ మిగల్లేదు. ఆ బెదిరించినవాడు దొరకలేదు. కుర్రాడే ఏదో వెధవపని చేసుంటాడని వీధిలో అనుకున్నారు. కొడుకు పోయిన దుఃఖం మీద ఆ మాట కారం చల్లినట్టయింది. పిల్లాడి తప్పులేదని చూపించడానికి మాస్టారి దగ్గర సాక్ష్యం లేదు, సెల్యూట్ ఒక్కటే ఉంది. అందుకే ప్రతి ఆదివారం యూనిఫాం వేసుకొచ్చి, అందరూ చూసేలా అది చేసి వెళ్తారు. మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆమె కళ్లు తుడుచుకుని నావైపు చూసింది. “సరే, పరీక్ష. గదిలోకొచ్చావు. తెర వెలుగుతోంది. ఏం చేస్తావు?”

“ముట్టుకోనమ్మా. ఫోటో తీస్తాను. తీగలు పీకను. తెలిసినవాళ్లను పిలుస్తాను.” గడగడా అప్పజెప్పాను.

“మరి నేనెక్కడున్నాను?”

“గుమ్మంలో... నిలబడి.”

“నిలబడే ఉండాలా? కుర్చీ వెయ్యవూ?” ఆమె మాస్టారి వైపు తిరిగింది. “వీడు ఫెయిలు. వచ్చే ఆదివారం మళ్లీ తీసుకురా.”

“చిత్తం,” అన్నారు మాస్టారు, నవ్వాపుకుంటూ.

తర్వాతి ఆదివారం వెళ్లాను. వెళ్లగానే కుర్చీ వేశాను. ఆమె తాపీగా కూర్చుని, కొడుకు చిన్నప్పటి అల్లరి చెప్పడం మొదలుపెట్టింది. మాస్టారూ నేనూ నేలమీద కూర్చుని విన్నాం.