నాయుడుగారి సున్నా

తొంభైల మధ్యలో భిలాయిలో ఇనుప కడ్డీలు తీసే ఒక చిన్న రోలింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఖుర్సీపార్ నుంచి సైకిల్ మీద వెళ్ళేదాన్ని. తూకం చీటీలు కంప్యూటర్‌లో ఎక్కించి, రోజూ ఉత్పత్తి రిపోర్టు ప్రింటు తీయడం నా పని. మా మేనేజర్ అప్పలనాయుడు గారికి అది గిట్టేది కాదు. "మిల్లు సంగతి ఈ డబ్బాకేటి తెలుస్తాదమ్మా?" అంటూ తన రిజిస్టరే మీటింగుకి పట్టుకెళ్ళేవారు.

ఒకరోజు జనరల్ మేనేజర్ అడిగారని, నాయుడుగారికి చూపించకుండానే నా ప్రింటు ఆయనకిచ్చేశాను. మీటింగులో గొడవ మొదలై, నన్నూ లోపలికి పిలిపించారు. రిజిస్టర్‌లో నూట యాభై టన్నులుంటే, నా కాగితంలో నూట ఎనభై ఉన్నాయి!

అందరూ నావైపే చూశారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. అప్పుడు నాయుడుగారే తలవంచుకుని నిజం చెప్పారు. మర్నాడు రోలర్లు మార్చడానికి మిల్లు మొత్తం ఆపాలి. ఆ రోజు సున్నా రాయడం నామోషీ అని, ఆ రోజు లెక్కలో చూపడానికి ముప్పై టన్నులు దాచి ఉంచారట. ఇన్నేళ్ళుగా అదే పద్ధతట!

ఆయన ముఖం చూడలేక, "సార్, రిపోర్టులో కారణం రాయడానికి ఒక గడి పెడతాను. అది నాయుడుగారే నింపుతారు" అనేశాను. జనరల్ మేనేజర్ నవ్వి, "ఠీక్ హై" అన్నారు.

రెండు రోజుల తర్వాత నాయుడుగారు పెన్ను పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. ప్రింటులో సున్నా పక్కనున్న గడిలో 'రోలర్లు మార్చాం' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టారు.

"సున్నాని సున్నా అనే రాసీసానమ్మా. ఏటో, పేణం తేలికయిపోయింది" అన్నారు.

ఆ తర్వాత ఎన్ని పెద్ద అంకెలు ప్రింటు తీశానో! గుర్తున్నది మాత్రం ఆ సున్నా ఒక్కటే.