ఎస్టేట్ కారుకు కర్టెన్లు

1984 వేసవి. అప్పటికి నేను గాజువాక మెయిన్ రోడ్డు మీద పాత కార్ల బ్రోకర్‌గా బాగానే స్థిరపడ్డాను. ఆఫీసంటే పెద్దగా ఏమీ లేదు. పెట్రోలు బంకు పక్కన ఒక రేకుల షెడ్డు, నాలుగు కుర్చీలు, ఒక టెలిఫోను. స్టీల్ ప్లాంటు పనులు మొదలయ్యాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగస్తులు కుటుంబాలతో వచ్చి దిగుతున్నారు. కొత్త కారు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిన కాలం అది. అందుకని ఎంతటి ఆఫీసరైనా నా రేకుల కిందికి వచ్చి చెమటలు కక్కాల్సిందే.

ఈ వృత్తిలో కారును చూడటం తేలిక. మనిషిని చూడటమే కష్టం. కొనేవాడు నోటితో ఒకటి అడుగుతాడు, మనసులో ఇంకొకటి ఉంటుంది. ఆ రెండోది ఏమిటో తెలిసేదాకా బ్రోకర్ ఓపిక పట్టాలి. నాకు ఆ ఓపిక తక్కువ, కోపం ఎక్కువ. ఈ గుణంతో వ్యాపారం ఎలా చేస్తున్నావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

మే నెల మొదట్లో ఒక ఎర్ర కారు షెడ్డు ముందు ఆగింది. రెండే తలుపులు. కాన్వాసు కప్పు, వెనక్కి మడిచేయవచ్చు. మా వాళ్ళు దాన్ని సాఫ్ట్ టాప్ అంటారు. ఒక విదేశీ ఇంజనీరు వెళ్ళిపోతూ అమ్మేసి పోయిన బండి. బీచ్ రోడ్డులో దాన్ని చూసి తల తిప్పని వాడు లేడు. ముందు ఇద్దరు దర్జాగా కూర్చోవచ్చు. వెనక సీటని ఒకటుంది గానీ కూరగాయల సంచి పెడితే ఆ సంచికే ఊపిరాడదు.

దిగినాయన పేరు మురళీకృష్ణ గారు. కృష్ణా జిల్లా మనిషి. పోర్టులో చాలాకాలం పనిచేసి, అంతకు ముందు ఏడాదే ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరి గాజువాకలో ఇల్లు తీసుకున్నారు. వెంట ఆయన భార్య వసుంధర గారు.

"ఏమండీ, ఇది ఇచ్చేసి ఫ్యామిలీకి పనికొచ్చే బండి ఏదైనా తీసుకుందామని," అన్నారాయన, ఎర్ర కారు బానెట్ మీద చెయ్యి వేసి నిమురుతూ.

"ఏదైనా కాదు అన్నయ్య గారూ," అంది ఆవిడ. "మా అమ్మాయి చక్రాల కుర్చీ పట్టాలి. అది పట్టని బండి మాకు చూపించనే వద్దు."

విషయం ఆవిడే చెప్పింది. కొడుకు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. కూతురు సుధకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పోయాయి. పోర్టు క్వార్టర్సులో ఉన్నప్పుడు బడి దగ్గరే. తల్లి కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళేది. గాజువాక వచ్చాక బడి దూరమైంది. ఆ కుర్చీ మడతపడదు, ఇనప చట్రం. ఎర్ర కారులో పట్టదు, సిటీ బస్సులో ఎక్కించనివ్వరు. ఏడాదిగా పిల్ల ఇంట్లోనే ఉంది. ఈ జూన్‌లో పదో తరగతిలో చేరకపోతే పేరు తీసేస్తామని బడివాళ్ళు చెప్పేశారు.

"అయితే మీకు ఎస్టేటే కావాలమ్మా," అన్నాను.

ఎస్టేట్ అంటే కప్పు వెనకదాకా తిన్నగా సాగిపోయే కారు. విడిగా డిక్కీ ఉండదు. వెనక ఒక తలుపు పైకి లేస్తుంది, దాన్ని టెయిల్ గేట్ అంటాం. సామాను ఎత్తి లోపలికి తోసేయడమే. మన దగ్గర అలాంటివి బహు తక్కువ. నా అదృష్టం కొద్దీ వాల్తేరులో రత్నం మాస్టారని ఒకాయన దగ్గర అంబాసిడర్ ఎస్టేట్ ఉంది. చర్చిలో పాటల బృందం నడిపేవాడు. హార్మోనియం, డ్రమ్ములు, పిల్లలు, అందరూ అందులోనే ఎక్కేవారు. చూపు మందగించి బండి అమ్మకానికి పెట్టాడు.

బండి షెడ్డుకు తెప్పించిన రోజు వసుంధర గారు ఎండలో రిక్షా మీద కుర్చీ కట్టించుకుని తనే వచ్చింది. మేమిద్దరం ఎత్తి వెనక నుంచి తోశాం. కుర్చీ నిలువునా లోపలికి వెళ్ళి నిలబడింది. టెయిల్ గేట్ వేస్తే పడింది. ఆవిడ అద్దంలోంచి కాసేపు ఆ కుర్చీ వంకే చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇక బేరం అయిపోయినట్టే అనుకున్నాను. అప్పటినుంచే నాకు నరకం మొదలైంది.

మురళీకృష్ణ గారు సాయంత్రం వచ్చి బండి చుట్టూ తిరిగి, "ఇదేమిటండీ, అంబులెన్స్‌లా ఉంది," అన్నారు. మర్నాడు వచ్చి వెనక బరువు ఎక్కువై ఘాట్ రోడ్డు ఎక్కదేమో అన్నారు. ఎక్కించి చూపించాను. తర్వాత రంగు బాగాలేదన్నారు. పాత ఓనరు చర్చి మనిషి కదా, లోపల శవపేటికలు గానీ మోశారా అని అడిగారు. పిల్లలు పాటలు పాడుకుంటూ తిరిగిన బండిని పట్టుకుని ఆ మాట! రత్నం మాస్టారు పక్కన లేడు కాబట్టి సరిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

చివరికి ఒక ఫియట్ కొందామన్నారు. కుర్చీ పైన క్యారియర్ మీద కట్టేసుకోవచ్చట.

"రోజూ ఎవరెక్కిస్తారండి పైకి?" అన్నాను. "మీరు షిఫ్టు డ్యూటీకి ఎల్లిపోతారు. అమ్మగారా? ఇనప కుర్చీ అండి బాబూ! మీరు ఓపాలి ఎత్తి సూడండి, నాను సూత్తాను."

ఆయన ఎత్తలేదు. వాచీ చూసుకుని వెళ్ళిపోయారు.

ఆ మనిషి నన్ను తిప్పుకున్నందుకు కాదు నా కోపం. మా వృత్తిలో అది మామూలే. కుర్చీ పట్టింది, తల్లి కళ్ళారా చూసింది, జూన్ దగ్గర పడుతోంది. ఇంకా ఏం కావాలి? బండి బాగాలేదంటే ఒప్పుకుంటాను. ఈయన చెప్పే ఒక్క కారణానికీ తలా తోకా లేదు.

పిల్ల కుర్చీలోంచి సీటులోకి ఎలా మారుతుందో చూస్తే సీటు ఎత్తు సరిచేయించవచ్చని ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. సుధ వెనక వసారాలో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చుంది. మంచి చలాకీ పిల్ల. రెండు చేతులతో మంచం పట్టుకుని తటాలున కుర్చీలోకి మారి చూపించింది.

"ఏ రంగు కావాలి తల్లీ నీకు?" అన్నాను సరదాకి.

"రంగు ఏదైనా ఫరవాలేదు మామయ్య గారూ. బడి తెరిచేలోపు వస్తే చాలు. మా క్లాసువాళ్ళు నన్ను మర్చిపోతారు."

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. మర్నాడు ఆయన్ని పట్టుకుని ముఖం మీదే అడిగేశాను. "ఎర్ర బండి మీద మనసుంటే ఉంచుకోండి, పర్లేదు. ఆ సంగతి పిల్లకి మీరే సెప్పీండి. నాను మాత్రం సెప్పలేను."

ఆయన వాచీ చూసుకున్నారు. "సరే, ఎస్టేటే తీసుకుంటా," అన్నారు. "కానీ ఒకటి. వెనక అద్దాలన్నిటికీ కర్టెన్లు వేయించండి. పల్చటి గుడ్డ వద్దు. మందంగా ఉండాలి. టెయిల్ గేట్‌కి కూడా."

ఆ రోజుల్లో కార్లకు కర్టెన్లు హోదా. ఆఫీసర్ల బండ్లకి ఉండేవి, ఆడవాళ్ళు కూర్చునే బండ్లకి ఉండేవి. స్పోర్ట్స్ కారు పోతున్న దుఃఖానికి కాస్త హోదా అయినా ఉండనీ పాపం అనుకుని, దర్జీని పిలిపించి ముదురు నీలం గుడ్డతో కుట్టించాను. మనిషిని చూస్తానని గొప్పలు చెప్పుకునే నాకు అప్పటికీ తట్టలేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. బండి చేతులు మారాక మొదట సింహాచలం కొండ దిగువకు తీసుకెళ్ళి పూజ చేయిస్తాం. అందాకా నడిపేది బ్రోకరే. కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాక తాళం యజమాని చేతికి ఇస్తాం. ఇంటిల్లిపాదీ బండిలో కూర్చుని ఉండగా తొక్కించాలి. అదీ పద్ధతి.

పూజ రోజు పొద్దున్న బండి వాళ్ళింటి ముందు ఆపాను. మురళీకృష్ణ గారు పట్టుబట్టలతో ముందు సీట్లో కూర్చున్నారు. వసుంధర గారు వెనక ఎక్కింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పాపేదండి?" అన్నాను.

"ఎండ ముదురుతుంది కదా, ఇంకోసారి తీసుకొద్దాం. మీరు పోనివ్వండి," అన్నారాయన.

ఎండ లేని రోజు వైజాగులో మేలో ఎక్కడుంది? ఆవిడ మొహం చూసి, ఇంట్లో గొడవ అయ్యిందని అర్థమై నోరు మూసుకుని పోనిచ్చాను.

కొండ దిగువన ఆయన ఆఫీసువాళ్ళు ఇద్దరు స్కూటర్ మీద వచ్చి పూలదండ పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పూజ సామాను సర్దుతుండగా వాళ్ళలో ఒకాయన, మా విశాఖ వైపు మనిషే, బండిని తట్టి నవ్వుతూ అన్నాడు.

"ఏటి సార్ ఇది, ఇద్దరు మనుసులకి ఇంత బండేటి? మీకున్నది ఒక్క బాబేనని, హాస్టల్లో ఉన్నాడని సెప్పేరు కదండి!"

మురళీకృష్ణ గారు కొబ్బరికాయ పీచు తీస్తున్నారు. తల ఎత్తలేదు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అంబులెన్స్‌లా ఉందన్న మాట, ఘాట్ రోడ్డు, శవపేటికలు, అన్నిటికీ ఒకేసారి అర్థం తెలిసింది. ఎర్ర కారులో కుర్చీ పట్టకపోవడం ఆయనకు కష్టం కాదు, సుఖం. ఎస్టేట్‌కి చుట్టూ అద్దాలు. లోపల పిల్లా, ఆ పిల్ల కుర్చీ ఊరందరికీ కనిపిస్తాయి. అందుకు మందపాటి గుడ్డ! దాన్ని దగ్గరుండి కుట్టించింది నేను.

కన్నకూతురు ఉందని చెప్పడానికి నోరు రాని మనిషికి నేను తాళం ఇవ్వాలా? కమీషన్ గంగలో కలిసినా సరే, నాలుగూ దులిపేసి వెళ్ళిపోదామని నోరు తెరిచాను. ఈలోగా బండి వెనక సీట్లోంచి వసుంధర గారి గొంతు వినిపించింది. అరవలేదు. చాలా మెల్లగా అంది.

"అన్నయ్య గారూ, బండి వెనక్కి తిప్పండి. ఇంటికి పోనివ్వండి."

"వసూ, ముహూర్తం దాటిపోతుంది," అన్నారాయన.

"దాటనివ్వండి. బండి దానిది. అది రాకుండా పూజేమిటి?"

నేను స్టీరింగ్ ముందు కూర్చుని బండి తిప్పేశాను. ఆయన చేతిలో సగం పీచు తీసిన కొబ్బరికాయతో అక్కడే నిలబడిపోయారు. నాకు ఎంత తృప్తిగా ఉందో దాచుకోను. దారిలో ఆవిడ ఒక్కొక్క కర్టెనూ లాగి తీసి కాళ్ళ దగ్గర పడేసింది. నేను అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను.

సుధ గబగబా లంగా ఓణీ మార్చుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కుర్చీ వెనక ఎక్కించాం. పిల్ల తల్లి పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. గోపాలపట్నం దాటేదాకా కిటికీలోంచి మొహం ఇవతలికి తిప్పలేదు. నాన్నగారు కోప్పడతారా అని ఒక్కసారి అడిగింది. తల్లి దాని జడలో కనకాంబరాలు సరిచేసింది.

తిరిగి వెళ్ళేసరికి వాళ్ళు ముగ్గురూ నీడన నిలబడి ఉన్నారు. నేను టెయిల్ గేట్ తీసి కుర్చీ దించాను, కావాలనే వాళ్ళ ముందే దించాను. సుధ రెండు చేతులా తలుపు పట్టుకుని అందులోకి మారి కూర్చుంది. స్కూటర్ మీద వచ్చిన వాళ్ళు ఆ పిల్లనీ, వాళ్ళ సారునీ మార్చి మార్చి చూశారు. సుధ తండ్రి మొహంలోకే చూస్తోంది. ఇప్పుడు ఈ మనిషి ఏం చెప్పినా ఊరుకునేది లేదని నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పక్కింటి పిల్ల అన్నాడో, బంధువుల అమ్మాయి అన్నాడో, అక్కడే కడిగేద్దామని మాటలు సిద్ధం చేసుకున్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"మా అమ్మాయి, సుధ," అన్నారు. "జూన్‌లో పదో తరగతిలో చేరుతుంది. దీని కోసమే ఈ ఎస్టేట్ ఏరికోరి తీసుకున్నాను. ఈ బ్రోకర్ గారు ఫియట్ అంటగట్టాలని చూశారు. నేను ఒప్పుకోలేదు."

ఎంత మాట! నెల రోజులు నన్ను తిప్పి, కాళ్ళరిగేలా తిరిగిన నన్నే దొంగను చేశాడు. రక్తం సలసలా మరిగిపోయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క అడుగు ముందుకు వేశాను కూడా.

అప్పుడు సుధ మొహం కనబడింది. ఫియట్ సంగతి ఆ పిల్ల చెవిన పడనే లేదు. తండ్రి పదిమందిలో అన్న మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

నేను అడుగు వెనక్కి వేశాను. కొబ్బరికాయ కొట్టించి, అందరినీ బండిలో కూర్చోబెట్టి నిమ్మకాయలు తొక్కించి, తాళం తీసి సుధ చేతిలో పెట్టాను. ఆయన చెయ్యి చాచి ఉంది. చాచి ఉంటే ఉండనీ అనుకున్నాను.

ఆ తర్వాత వసుంధర గారు నా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుని ఆ పెద్ద బండిని తనే నడిపింది. సుధ పదో తరగతి పాసై, ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతోంది. ఈ అనుభవం నాకు నేర్పింది ఒకటి ఉంది. ఫ్యామిలీ కారు కావాలని ఎవరొచ్చినా, ఆ బండి ఎక్కేవాళ్ళందరినీ వెంటబెట్టుకు రమ్మంటాను. ఎవరైనా ఒకరిని ఇంట్లో వదిలేసి వస్తే బండి చూపించను. ఇలాంటి షరతు ఎక్కడా వినలేదని కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. పోనీ.

మురళీకృష్ణ గారి మీద కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు. నాకు ఫియట్ అంటగట్టే బుద్ధి ఉందని ఆయన ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారట. నేను ఎవరి దగ్గరా కాదనలేదు. ఇక్కడ కూడా ఆయన పేరు, ఆ అమ్మాయి పేరు, వాళ్ళని పట్టిచ్చే ఆనవాళ్ళూ మార్చే రాశాను. సుధకు చదివే అలవాటు ఉంది. ఆ రోజు వాళ్ళ నాన్న అన్న మాటలన్నీ నిజమేనని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది.