సున్నా ఒకటి ఆరు తొమ్మిది

అమ్మమ్మకు వంట రాదని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు, ఆమెతో సహా. కూర మాడితే "కాస్త బోల్డు పడింది" అనేసి వడ్డించేస్తుంది. ప్రెస్సులో కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం ఆమెకు తిరుగులేదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో అచ్చయిన పుస్తకాల్లో సగం ఆ వేళ్ల కింద నుంచి వచ్చినవే. చదివింది ఏడో తరగతి. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతుంది, గొప్పగా.

ఈమధ్య ఓనరు తన మేనల్లుణ్ని తెచ్చి పక్క కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. పెద్ద చదువులు చదివినవాడు. ప్రెస్సుకు ఇద్దరెందుకని ఓనరు రెండుసార్లు గొణిగాడు. పోయేది ఎవరి కుర్చీయో అమ్మమ్మకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

అప్పుడే కుట్టు టీచరు తన కత్తిరింపుల పుస్తకం తెచ్చింది. ఆమె మొదటి పుస్తకాన్ని ఎవరో పేరు మార్చి అచ్చేసుకున్నారు. అందుకే ఈసారి తన పేరు ముందు కాపీరైటు గుర్తు, అదే గుండ్రంలో సి, ఉండి తీరాలని మరీమరీ చెప్పింది. అమ్మమ్మ టైపు చేసి, ప్రూఫు మీద ఆమె సంతకం కూడా తీసుకుంది.

మర్నాడు, పేజీలు అచ్చు ప్లేటుకు వెళ్లే ముందు, మరోసారి చూసుకుందామని టీచరు వచ్చింది. చూస్తే గుర్తు లేదు. దాని చోట ఏ అక్షరానికీ చెందని కొమ్మొకటి దిక్కూమొక్కూ లేనట్టు నిలబడి ఉంది.

"కళ్లు కనపడకపోతే చెప్పాలి గదమ్మా," అన్నాడు ఓనరు. "ఇక ఇంటిపట్టున ఉండండి."

ఇంట్లో అయితే అమ్మమ్మ ఇల్లు పీకి పందిరేసేది. ఇక్కడ మాత్రం సంతకం ఉన్న ప్రూఫు తీసి బల్ల మీద పెట్టింది. అందులో గుర్తు నిక్షేపంగా ఉంది. తర్వాత కంప్యూటరులో ఆ కొమ్మును మాత్రమే పట్టుకుని ఇంగ్లీషు ఫాంటులోకి మార్చింది. కొమ్ము పోయి గుండ్రంలో సి వచ్చింది. మళ్లీ పేజీ మొత్తం పట్టి తెలుగు ఫాంటు పెట్టింది. కొమ్ము తిరిగొచ్చింది. కంప్యూటరు ప్రతి అక్షరానికీ ఒక నంబరు పెట్టుకుంటుందని, ఒకే నంబరుకు ఆ ఫాంటులో గుర్తు, ఈ ఫాంటులో కొమ్ము ఉంటాయని, పేజీ మొత్తానికి ఎవరో ఫాంటు మార్చారని టీచరుకు చెప్పింది.

"అక్షరాలు సన్నగా ఉన్నాయని నేనే మార్చాను మామయ్యా," అన్నాడు మేనల్లుడు, తల దించుకుని.

ఈ పుస్తకం ఆవిడ చెయ్యి దాటితే వేరే ప్రెస్సుకు పట్టుకెళతానంది టీచరు. ఓనరు గొంతు సవరించుకుని, మీ కుర్చీకి వచ్చిన ఢోకా ఏమీ లేదని నసిగాడు.

"కుర్చీ సరే బాబూ," అంది అమ్మమ్మ. "కళ్ల సంగతేంటి?"

"పొరపాటు నాదేనమ్మా."

అప్పుడు మేనల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఎడమచేత్తో ఆల్టు మీట నొక్కిపట్టి, ఆ గుర్తు నంబరు సున్నా ఒకటి ఆరు తొమ్మిది కొట్టమంది. వాడు పై వరస అంకెలు కొట్టాడు. ఏమీ రాలేదు.

"అవి కాదు నాయనా, కుడిపక్క విడిగా ఉన్నవి. నీ చదువులో అవి లేవా?"

నాలుగోసారికి గుర్తు పడింది. అమ్మమ్మ దాన్ని పేజీ నిండా పట్టేంత పెద్దది చేసి, ప్రింటు తీసి, ఓనరు బల్లకు ఎదురుగా గోడకు అంటించింది.