మా ఊళ్లో లేని నాకు వీసా

ఆ రోజుల్లో మా నల్గొండ జిల్లాలో కచేరీ గడప తొక్కాలంటే ముందు పైరవీకారు నడవాలి, వెనక మనం నడవాలి. పశువుల దవాఖానలో కొత్తగా కాంపౌండరుగా చేరిన నేను ఈ ఆచారానికి ఎదురు తిరిగాను. (ఆ వయసులో మనిషి దేనికైనా ఎదురు తిరుగుతాడు, ఆఖరికి ఎదురొచ్చే ఎడ్లబండికైనా.) ఆస్ట్రేలియాలో ఆరు నెలలు గొర్రెల పెంపకం నేర్పుతామని, తిండీ జాగా తామే చూస్తామని, వీసా మాత్రం నన్నే తెచ్చుకోమని అక్కడి పశువుల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. నేను పుట్టిందే గొర్ల మంద మధ్య. ఒక వానాకాలం చిటుకు రోగం తగిలి సగం మంద పోతే, బాపు గొంగడి కప్పుకొని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం చూసినవాణ్ణి. ఆ విద్య నాకు కావాలి. ఎలాగైనా కావాలి.

మా దూరపు బావ ఒకడు కచేరీ ఎదుటి చాయ్ హోటల్లో కూర్చుని లోకంలోని పనులన్నీ చేయించేవాడు. పట్నంలోని ఏదో వీసాల ఏజెన్సీకి నల్గొండలో తనే పెద్దదిక్కునని చెప్పుకునేవాడు. "బామ్మర్దీ, కాయితాలు నా చేతుల వెట్టి నువ్వు గొర్ల కాడికి పో. వీసా నడుసుకుంట ఇంటికొస్తది" అన్నాడు. "నాకు రాసుడొస్తది, సదువుడొస్తది బావా. నేనే దెచ్చుకుంట" అన్నాను. "ఎట్ల దెస్తవో నేనూ జూస్త" అని అతను సాసర్లో చాయ్ వంచుకున్నాడు.

నిఘంటువు పక్కన పెట్టుకొని దరఖాస్తు నింపాను. (వీసా అంటే మా అవ్వ పాతకాలపు చిల్లర వీసం అనుకుని, "గంత సదువు సదివి వీసానికా తిరుగుతున్నవు?" అని బాధపడింది.) ఇక మిగిలింది ఒక్కటే, నేను ఫలానా ఊరివాణ్ణని, నడవడిక మంచిదని పోలీసులు రాసివ్వాలి. ఊరు మాదే, నడవడిక నాదే, ఇందులో కష్టమేముంది అనుకున్నాను. కొన్నాళ్లకు ఠాణాకు పోతే జమేదారు నావైపు జాలిగా చూసి, "మా జవాను పోయి అడిగొచ్చిండు. ఆ ఊర్ల గట్లాంటోడు ఎవడూ లేడట" అన్నాడు.

"నేనే సార్ వాణ్ణి!"

"నువ్వంటే గాదయ్యా, ఊరనాలె."

సంగతేమిటంటే మాది సాయుధ పోరాటం రోజులు చూసిన ఊరు. ఖాకీ బట్టలవాడు వచ్చి ఎవరి పేరు అడిగినా ఊరంతా "ఎర్క లేదు" అనడం అప్పట్లో అలవాటై, కాలం మారినా నోటికి అలాగే ఉండిపోయింది. మా కాక ఎర్క లేదన్నాడు. నా జుట్టు కత్తిరించే మంగలి మామ ఎర్క లేదన్నాడు. అందరినీ మించి మా అవ్వ, "నాకొక్కడే మనుమడు, చిన్నగున్నప్పుడే సచ్చిపోయిండు" అని కొంగుతో కళ్లు కూడా తుడుచుకుందట.

"గట్లెందుకన్నవే అవ్వా?" అని మొత్తుకున్నాను.

"పేరు జెప్తె తోల్కపోయి కొడ్తరు బిడ్డా. నేను జూడలేదా?" అంది.

బావకు విషయం తెలిసి హోటలంతా వినపడేలా నవ్వాడు. "ఇప్పటికన్న నా చేతుల వెట్టు. సచ్చినోళ్లను బతికిచ్చుడు నాకు అలవాటే." బాపు కూడా "ఇచ్చెయ్ కొడుకా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో నేనున్నానని చెప్పడానికి పట్నపు ఏజెన్సీ ఎందుకు? రోజూ పొద్దున లేస్తే ఠాణా ముందు నిలబడేవాణ్ణి. నా పోరు పడలేక చివరికి జమేదారు స్వయంగా వస్తానన్నాడు. నేను ముందే ఊరికి పోయి ఇల్లిల్లూ తిరిగి, ఉన్నది ఉన్నట్టు చెప్పమని అందరికీ నచ్చజెప్పాను. అందరూ సరేనన్నారు.

జమేదారు సైకిలు దిగాడు. ఖాకీ కనపడగానే ఊరి నోరు మళ్లీ మూతపడింది. సరేనన్న కాక ఆకాశంలో మబ్బులు వెతుకుతున్నాడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా నావైపు చూసే దిక్కులేదు. జమేదారు విసుగ్గా సైకిలు తిప్పుకున్నాడు. నా వీసా దానితో పాటే వెళ్లిపోతోంది. అప్పుడు అవ్వ గుంపులోంచి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వీడు నా మనుమడే. సావలేదు. ఆనాడు నేనే అబద్ధం జెప్పిన. తోల్కపోతె నన్ను గూడ తోల్కపోండ్రి, వీన్ని ఒక్కన్ని పంపియ్య."

జమేదారు సైకిలుకు స్టాండు వేశాడు. తర్వాత టోపీ తీసి, "ఎవల్ని తోల్కపోం అవ్వా. వీడే పోతనంటున్నడు" అన్నాడు.

"ఏడికిరా?" అని అవ్వ నావైపు తిరిగింది.

"ఆస్ట్రేలియాకు, గొర్ల కాడికి."

"మన కాడ లేవా గొర్లు?" అని అవ్వ జమేదారునే నిలదీసింది. ఊరు గొల్లున నవ్వింది. ఆ నవ్వులో ఒక్కొక్కరే ముందుకొచ్చి నేను ఉన్నానని సాక్ష్యం చెప్పారు. మంగలి మామ నా తలలోని సుడిని కూడా చూపించాడు.

వీసా వచ్చింది. ఇప్పుడు సందుకొకటిగా ఏజెన్సీల బోర్డులు కనపడితే ఆ మొండి కాంపౌండరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. బావకు అప్పజెప్పి ఉంటే ఆ కాగితం ఇంకా తొందరగా వచ్చేదే, ఒప్పుకుంటాను. కానీ ఖాకీకి అంత భయపడే అవ్వ నా కోసం ఆ ఖాకీకే ఎదురు నిలబడి నా మణికట్టు అంత గట్టిగా పట్టుకుంటుందని నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. నవ్వుకుంటూ అక్కడిదాకా వచ్చి, కాసేపు ఆ చేతి దగ్గరే ఆగిపోతాను.