లెక్క రాయని పంక్తి

నిన్న సాయంత్రం శ్రీ సిటీలో పనిచేసే మా మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టినప్పుడు, తెర మీద మొదటి వరుసలోనే మా ఇంటిపేరు కనబడి, కుర్చీలో మరికాస్త నిటారుగా కూర్చున్నాను. చిత్తూరు దగ్గరి మా మేడ ఇప్పుడెవరిదో గోడౌను. మామిడితోటలు ఎప్పుడో చేతులు మారాయి. మా ఇంటిపేరు రాసి ఉన్న చోటు ఇక అదొక్కటే.

ఒకరి కింద పనిచేయడమే చిన్నతనమనుకునే ఇంట్లో పుట్టి, తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్తలో, నగరి మరమగ్గాలకు చీర అంచు డిజైను అందించే ఎలక్ట్రానిక్ పెట్టె కోసం సి భాషలో నేను రాసిన ప్రోగ్రాం అది. డిజైను గీతలన్నీ వరుసగా కూర్చునే పంక్తిని అర్రే అనేవాళ్లం. ఏ చీరకు ఎన్ని గీతలుంటాయో ముందుగా తెలియదు గనుక, అర్రేలో ఒక్కటే చోటుందని రాసి, దాని వెనుక మెమరీలో కావలసినన్ని కూర్చోబెట్టేవాళ్లం. ఆ రోజుల్లో చాలామంది అలాగే రాసేవారు గాని, నాకు మాత్రం అది మా ఇంటి పద్ధతిలా తోచేది. భోజనానికి ఎందరొస్తున్నారని అడగడం మా ఇంట్లో అవమానం. వంటవాళ్లు తలలు లెక్కపెడితే నాయన విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ పెట్టెలు నగరిలో ఇంకా నడుస్తున్నాయట. మా పాత కంపెనీని కొన్నవాళ్ల దగ్గరే మేనకోడలి ఉద్యోగం. ప్రతి అర్రేకూ దాని లెక్క ఏ అంకెలో ఉందో ఇప్పుడు కోడులోనే ప్రకటించాలట. అలా చేస్తే, హద్దు దాటి చదివి చీర అంచులో పిచ్చి గీతలు నేయకముందే ప్రోగ్రాం ఆగిపోతుందట. నా కోడులో లెక్కలాంటి అంకెలు రెండున్నాయి. ఒకటి గీతల సంఖ్య, ఒకటి డిజైను ఎన్నిసార్లు తిరిగి రావాలన్నది. వాటిలో ఏది ఏదో నేను చెప్పకపోతే నా ఫైలు తీసేసి కొత్తది రాస్తారట.

“ఒక్క చోటని రాసి ఊరినంతా కూసోబెట్టినారే మామా! అసలు లెక్క యాడుండాది?” అని నవ్వింది.

లెక్కలడిగే ఇల్లు కాదు మనది అన్నాను, కటువుగానే.

“అడగలేదు గనకే అవ్వ దినామూ మజ్జిగ తాగి పండుకుంటా ఉన్నింది. మా అమ్మ సెప్పింది మామా.”

అవ్వ అంటే మా అమ్మ. నాయన దృష్టిలో పంక్తి వంటింటి గడప దగ్గరే ముగిసేది. ఆ గడప అవతల ఖాళీ గిన్నెలో గరిటె గీకే చప్పుడు నా చిన్నతనమంతా విన్నాను. అందరూ తిన్నారనడానికి అదే గుర్తనుకునేవాణ్ణి.

తెర మీద గీతల సంఖ్య ఉన్న అంకె మీద వేలు పెట్టాను. మేనకోడలు అర్రేలోని ఆ ‘ఒకటి’ని చెరిపి, అర్రే చోటు ఖాళీగా వదిలి, లెక్క ఎక్కడుందో రాసే మాట నన్నే టైపు చేయమంది. పైన మా ఇంటిపేరు అలాగే ఉంది.

ఎవరొచ్చినా విస్తరి వేసిన ఆ పంక్తుల వైభవం మన తరంవాళ్లకు తెలుసు. ఇప్పుడు పెళ్లికి పిలిచేవాళ్లు ఎందరొస్తారని ఫోనులోనే అడుగుతున్నారు, ఆ ప్రశ్నకు ఇన్నాళ్లూ ముఖం తిప్పుకుంటూ వచ్చాను. అలా అడిగే ఇళ్లలో చివర తినే ఆవిడకు అన్నం మిగులుతుందేమోనని నిన్నటి నుంచి అనిపిస్తోంది.