మెనూలో బూడిదరంగు బావ

అందం కోసం ఒక నిలువు వరుసను ఖాళీగా వదలడం నేను చేసిన తెలివితక్కువ పని. బడిలో ఏళ్ల తరబడి సున్నా విలువ గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, ఖాళీ విలువ మాత్రం తెలుసుకోలేకపోయాను.

రాజాంలో మా రక్తదాతల సంఘం జాబితా నా చేతిలో ఉండేది. గళ్ల పుస్తకంలో ఉన్న పేర్లన్నీ ఎక్సెల్ షీటులోకి ఎక్కించాను. ఎడమ వైపు పేరు, ఊరు, ఫోను. కుడి వైపు రక్తం గ్రూపు, చివరిసారి రక్తమిచ్చిన తేదీ. మధ్యలో, కళ్లకు ఇంపుగా ఉంటుందని, ఆ ఖాళీ వరుస. ఒకరోజు పేర్లను అక్షరక్రమంలో సర్దమని మీట నొక్కాను. అది ఖాళీ వరుస దాకా వచ్చి, గోడ అనుకుని ఆగిపోయింది. పేర్లూ ఫోన్లూ చోటు మారాయి, గ్రూపులు ఉన్నచోటే కూర్చున్నాయి.

ఇంకో ప్రాంతమైతే తప్పు వెంటనే దొరికేది. మా వైపు ఏ వీధికెళ్లినా కొండమీది అప్పన్న దేవుడి పేరున్నవాళ్లే. ఓ నెగెటివ్ ఎదురుగా అంతకుముందు ఒక అప్పన్న ఉండేవాడు, ఇప్పుడూ ఒక అప్పన్నే ఉన్నాడు. నాకెందుకు అనుమానం వస్తుంది?

ఆ వారమే శ్రీకాకుళం ఆస్పత్రిలో ఒకరికి ఓ నెగెటివ్ కావాలని ఫోనొచ్చింది. ఆ అప్పన్నను, ధాన్యం వ్యాపారిని, బస్సెక్కించాను. అక్కడ పరీక్షిస్తే బి పాజిటివ్ అని తేలింది. రోగి తరఫువాళ్లు పరుగులు పెట్టి ఇంకోచోట రక్తం సంపాదించుకున్నారు. ప్రాణం నిలబడింది, నా పరువే పడిపోయింది. తిరిగొచ్చిన వ్యాపారి మాత్రం శాంతంగానే అన్నాడు.

“నాదేటో నాకేటి తెలుసు మాస్టారూ. మీ కంప్యూటర్లో ఉన్నాదన్నారు కదా అని ఎల్లిపోనాను.”

సంఘానికి అధ్యక్షుడు మా బావ. మా అక్క భర్త. ఎరువుల దుకాణం ఆయనది, జాబితా ఉన్న కంప్యూటరూ ఆయన దుకాణంలోదే. మాది రక్తసంబంధం కాదు గాని, రక్తం విషయంలో నేను చేసిన తప్పు ఆయన నోటికి చిక్కింది. మళ్లీ గళ్ల పుస్తకమే మేలని సభలో తీర్మానం పెట్టబోయాడు. నేను బతిమాలితే సభ్యులు ఒక్క అవకాశం ఇచ్చారు. ఈసారి వచ్చే ఫోనుకు సరైన మనిషి వెళ్తే జాబితా నా దగ్గర ఉంటుంది, లేకపోతే పుస్తకం బావ దగ్గరకు.

పేర్లన్నీ మళ్లీ పుస్తకంతో సరిచూశాను. ఖాళీ వరుసను తీసేశాను. ఎవరూ, ముఖ్యంగా నేను, చెయ్యి పెట్టకుండా షీటుకు తాళం వేశాను. తర్వాత మాక్రోలు నేర్చుకున్నాను. మాక్రో అంటే మనం చెయ్యాల్సిన పనుల్ని ఒకసారి రాసి పెట్టుకునే చీటీ, యంత్రం దాన్ని చూసి చేసుకుపోతుంది. ఫైలు తెరవగానే ‘మన రక్తం’ అనే సొంత మెనూ రావాలి. అందులో మూడే మాటలు: కొత్త దాత, దాతను వెతుకు, ఇచ్చిన తేదీ. గ్రూపు ఎంచుకోనంతవరకూ ‘దాతను వెతుకు’ బూడిదరంగులో ఉండాలి, నొక్కినా పలకకూడదు.

మెనూ వచ్చింది. వచ్చింది పోలేదు. ఫైలు తెరిచినప్పుడల్లా ఒకటి చేర్చమని రాశాను గాని, మూసేటప్పుడు తీసెయ్యమని రాయలేదు. వారానికల్లా తెరమీద పదకొండు ‘మన రక్తం’లు వరుస కట్టాయి. యూరియా నిల్వల ఫైలు తెరిచినా అవే.

“ఒక మెనూ పెడతానని బంతిభోజనం పెట్టేసినావేటిరా,” అన్నాడు బావ. యూరియా కోసం వచ్చిన రైతులు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేదు.

తెరిచేముందు పాతది తుడిచెయ్యి, మూసేటప్పుడు ఉన్నది తీసెయ్యి. ఈ రెండు మాటలు చేర్చడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు తెరమీద ఒక్కటే మెనూ, కుదురుగా.

ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. బొబ్బిలిలో కాన్పయిన ఒకామెకు అదే ఓ నెగెటివ్ కావాలి. బావ కుర్చీ జరిపి నా వెనక నిలబడ్డాడు. గ్రూపు ఎంచుకున్నాను. బూడిదరంగు మాట నల్లబడింది. నొక్కాను. మూడు నెలల లోపు రక్తమిచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే జాబితాలోంచి తప్పుకోగా ఇద్దరు మిగిలారు. ఒకాయన ఫోనెత్తలేదు. రెండో ఆయన బొబ్బిలి దారిలోనే పొలంలో ఉన్నాడు, బురద కాళ్లతోనే బండెక్కాడు.

ఆ తర్వాత గంటన్నర ఫోను పక్కనే కూర్చున్నాను. ఆస్పత్రి నుంచి ఫోను చేసింది ఆ రైతే. “కలిసిపోయింది మాస్టారూ. ఎక్కించేస్తన్నారు.”

బావ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. టీ తెప్పించాడు, అందులో పంచదార కూడా వేయించాడు. గళ్ల పుస్తకం అటకెక్కింది.

ఇక నా బాకీ ఒకటి మిగిలింది. అధ్యక్షుడై ఇన్నేళ్లయినా బావ ఒక్కసారీ రక్తమివ్వలేదు. ఆరోగ్యం గుండ్రాయి, సూదంటేనే భయం. మర్నాడు మెనూలో నాలుగో మాట చేర్చాను: ‘అధ్యక్షుడి రక్తం’. బూడిదరంగులో. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ చదివాడు. బావ ఒకసారి నొక్కాడు, మళ్లీ నొక్కాడు.

“ఒరే, ఇది పలకదేటి?”

“జాబితాలో నీ పేరు ఎదురుగా తేదీ పడితే అదే పలుకుతాది బావా.”

పక్షం రోజులు ఓర్చుకుని, తర్వాత జరిగిన శిబిరంలో కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు. తేదీ ఎక్కించాను, మాట నల్లబడింది. నలుగురినీ పిలిచి, వాళ్ల ముందు దర్జాగా నొక్కాడు. తెరమీద చిన్న పెట్టె తెరుచుకుంది: ‘ధన్యవాదాలు బావా. మళ్లీ మూడు నెలలకు.’

దాన్ని మూసేలోగా నాలుగో మాట మళ్లీ బూడిదరంగైపోయింది.